పచ్చ స్టిక్కరు శాస్త్రవేత్తలు

నమోదు రోజు పొద్దున హైకిలా మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాలేజీ క్యాంటీన్లో పైకప్పు దూలానికి ఒక బౌలింగ్ గుండు వేలాడదీయాలి. దాన్ని తన ముక్కు దాకా లాగి వదలాలి. అది ఊగుతూ అటు వెళ్ళి, తిరిగి వచ్చి, ముక్కుకు వెంట్రుకవాసి దూరంలో ఆగాలి. అది చూసి పిల్లలు నోరు వెళ్ళబెట్టాలి. నోరు వెళ్ళబెట్టినవాళ్ళలో పన్నెండు మంది ఫిజిక్సులో చేరాలి. ఇంతకన్నా ఆయన దేవుణ్ణి కోరుకున్నదేమీ లేదు.

పన్నెండన్న అంకె కాలేజీ పెట్టింది. మా కాపర్ బెండ్ కమ్యూనిటీ కాలేజీలో పన్నెండు పేర్లు లేని క్లాసును నడపరు. ఆ తలకాయలను కూడా రెండుసార్లు లెక్కపెడతారు, జనవరిలో చేరేటప్పుడు ఒకసారి, ఫిబ్రవరి మధ్యలో ఇంకోసారి. కిందటి సెప్టెంబరులో ఫిజిక్సుకు తొమ్మిది మందే వస్తే డీన్ ట్రెథెవే గారు పెద్దమనసు చేసుకుని, చూసీచూడనట్టు ఊరుకున్నారు. ఈసారి కూడా అంతే అయితే ఫిజిక్సునే ఎత్తేస్తామనీ, ఆ గదిలో జుట్టు కత్తిరించే కోర్సు పెడతామనీ ఆవిడ ముందే చెప్పేశారు. గదిలో సింకులు ఎలాగూ ఉన్నాయి కాబట్టి పెద్ద ఖర్చు కూడా ఉండదట. ఆ గదిలో ఇరవై రెండేళ్ళుగా పాఠం చెబుతున్న మాస్టారికి ఈమధ్య నిద్రలో కత్తెరల చప్పుడు వినిపిస్తోంది.

"తాడుకి ఏ ముడి వేశావు?" అని అడిగింది ఆయన భార్య ఐలీ. ఆమె ఆయన కోటు జేబులో మధ్యాహ్నానికని మాంసం, దుంపలు కూరి కాల్చిన వేడి ప్యాస్టీ ఒకటి కుక్కుతోంది.

"గట్టి ముడే వేశాలే."

"పడవకి వేసిన గట్టి ముడేనా?"

"ఇప్పుడు పడవ సంగతి ఎందుకు?"

"ఊరికే గుర్తొచ్చింది. సరస్సు దాటి కెనడాలో ఎవరింట్లో ఉందో, ఏమిటో పాపం."

మాస్టారు గుండును వీపు సంచిలో వేసుకుని, కాళ్ళకు మంచు మీద జారే స్కీలు తగిలించుకుని బయల్దేరారు. మా ఊళ్ళో కారు నడపనివాళ్ళు పసిపిల్లలు, శ్మశానంలో ఉన్నవాళ్ళు, హైకిలా మాస్టారు. చలికాలమంతా ఆయన స్కీల మీదే కాలేజీకి వెళతారు. కార్ల బాధలు, కార్లున్నవాళ్ళ బాధలు ఆయనకు తెలియవు. తర్వాత జరిగిన అనర్థంలో మాస్టారి తప్పేమిటని ఎవరైనా అడిగితే ఈ ఒక్కటే చెప్పాలి.

క్యాంటీన్లో ప్రదర్శన మొదట ప్రశాంతంగా సాగింది, ఎవరూ చూడలేదు కాబట్టి. కుడివైపు బల్ల నర్సింగు వాళ్ళది. వాళ్ళు వచ్చినవాళ్ళందరికీ ఉచితంగా రక్తపోటు చూస్తున్నారు. ఎడమవైపు బల్ల వెల్డింగు వాళ్ళది. వాళ్ళు చేరినవాళ్ళకు తోలు చేతితొడుగులు ఇస్తున్నారు. మధ్యలో మాస్టారి దగ్గర ఒక గుండు, ఒక ముక్కు మాత్రమే ఉన్నాయి.

"రండి బాబూ, రండి! ప్రకృతి నియమం మీద నాకున్న నమ్మకం చూడండి! ఈ గుండు నా మూతి పగలగొట్టదు!" అని మాస్టారు అరిచారు.

మూతి పగులుతుందేమోనన్న ఆశతో నలుగురు ఆగారు. నలుగురిని చూసి నలభై మంది ఆగారు. మాస్టారు ఆనందంతో గుండు వదిలారు. గుండు ఠీవిగా అటు వెళ్ళింది. అవతలి కొసన మాస్టారి గట్టి ముడి ఊడింది.

మాస్టారి మూతికి ఏమీ కాలేదు, ఆమేరకు ఆయన చెప్పింది నిజమే. గుండు మాత్రం వెల్డింగు బల్ల కింద నుంచి దూసుకుపోయి, తలుపు దాటి, మెట్లు దొరకబుచ్చుకుని ఒక్కొక్క మెట్టుకూ నమస్కారం పెడుతూ కిందికి దిగింది. కింద వాకిట్లో కాపలాదారు ఎల్మర్ పెల్కీ పక్కకు తిరిగి వేడి కాఫీ ఊదుకుంటున్నాడు. గుండు ఆయన కుడికాలి బొటనవేలి మీద ఆగింది.

క్యాంటీనంతా చప్పట్లు మోగాయి. ఫిజిక్సులో మాత్రం ఒక్కరూ చేరలేదు. ఎల్మర్‌ను ఆస్పత్రి బండిలో ఎక్కిస్తుంటే మాస్టారు పక్కన నిలబడి కన్నీళ్ళు పెట్టుకున్నారు. "ఏడవకు రేనో, నాది వేలే పోయింది. నీది క్లాసు పోయింది కదా," అని ఎల్మరే ఆయన్ను ఓదార్చాడు.

ఇక్కడ ఎల్మర్ గురించి ఒక ముక్క చెప్పాలి. మా కాలేజీలో హాస్టళ్ళు లేవు. చదువుకునేవాళ్ళు ఒక ఉద్యోగం నుంచి దిగి, ఇంకో ఉద్యోగం ఎక్కేలోపు కారులో వచ్చి పాఠం విని పోతారు. ఆ కార్లన్నీ హైవే అవతల తూర్పు మైదానంలో పెట్టుకోవాలి. అక్కడి నుంచి నడిచి వచ్చేసరికి సరస్సు మీది గాలి చెవులు కోసి చేతిలో పెడుతుంది. పాఠం విని తిరిగి వెళ్ళేసరికి ఇంజను గడ్డకట్టి ఉంటుంది. సైన్సు హాలు వాకిట్లో మాత్రం ఇరవై నాలుగు కార్లు పట్టే చిన్న స్థలం ఉంది. గనుల రోజుల్లో లారీల కోసం పాతిన కరెంటు స్తంభాలు అందులో ఉన్నాయి. వైరు తగిలిస్తే ఇంజను వెచ్చగా ఉంటుంది, తాళం తిప్పగానే కారు నవ్వుతూ కదులుతుంది. అక్కడ ఆపాలంటే అద్దానికి పచ్చ స్టిక్కరు ఉండాలి. ఆ స్టిక్కర్లు ఎవరికీ ఇవ్వకుండా ముప్పై ఏళ్ళు కాపాడినవాడు ఎల్మర్.

ఇప్పుడు ఎల్మర్ కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. స్టిక్కర్ల పెట్టె నమోదు కిటికీలో కూర్చునే డార్లాకు అప్పగించారు. డార్లా మంచి మనిషి, అడిగినవాళ్ళకు లేదనలేదు. "సైన్సు హాలు వాళ్ళకి తప్ప ఎవరికీ ఇవ్వకు," అని ఎల్మర్ ఫోనులో ఒకటికి పదిసార్లు చెప్పాడు. ల్యాబులో పనిచేసేవాళ్ళు అన్నది ఆయన ఉద్దేశం. నొప్పి మందు మత్తులో ఆ మాట చెప్పడం మరిచిపోయాడు.

మొదట వచ్చినవాడు కోడీ బెర్‌ట్రాండ్. పెట్రోలు బంకులో పనిచేస్తూ హోటల్ మేనేజిమెంటు చదువుతున్నాడు. వాడి పాత ట్రక్కు ఆ నెలలో మూడుసార్లు గడ్డకట్టింది.

"డార్లక్కా, ఆ పచ్చ స్టిక్కరు నాకొకటి ఇవ్వకూడదూ?"

"నీది హోటలు కదా బాబూ. సైన్సు వాళ్ళకే ఇమ్మన్నారు."

"నేను సైన్సో కాదో నీకెలా తెలుస్తుంది?"

"ఇదిగో, కంప్యూటర్లో నీ పేరు పక్కన పడుతుందిగా."

"అక్కడ సైన్సని పడాలంటే ఏం చెయ్యాలి?"

"ఏముంది, ఇక్కడ నొక్కితే పడుతుంది. కానీ ఒక్క సైన్సు క్లాసులోనైనా చేరాలి. బయాలజీ నిండిపోయింది. కెమిస్ట్రీకి కళ్ళద్దాలు కొనుక్కోవాలి. ఫిజిక్సు ఖాళీగా ఉంది."

"ఎంత ఖాళీ?"

"మొత్తం ఖాళీ."

"అయితే నొక్కెయ్యక్కా."

"బాగా ఆలోచించుకో నాయనా. జీవితం సంగతి ఇది," అంది డార్లా మనస్ఫూర్తిగా.

కోడీ కిటికీలోంచి తూర్పు మైదానం వైపు చూశాడు. అక్కడ ఎవరిదో టోపీ హైవే దాటి ఎగిరిపోతోంది. టోపీ వెనకాల మనిషి పరిగెడుతున్నాడు.

"ఆలోచించుకున్నా," అన్నాడు కోడీ.

ఇలాంటి వార్త మా ఊళ్ళో ఎవరూ చెప్పక్కర్లేదు, దానంతట అదే పాకుతుంది. మధ్యాహ్నానికి కిటికీ ముందు వరస కట్టారు. హోటళ్ళు, లెక్కల ఖాతాలు, పిల్లల బడులు, చివరికి వెల్డింగు చేతితొడుగులు తీసుకున్నవాళ్ళు కూడా "నొక్కెయ్యక్కా" అనడమే. డెబ్బై దాటిన ఫెర్న్ బామ్మ ఇరవై రకాల కుట్టుపనుల కోర్సులు పూర్తి చేసి, కొత్తగా చేరడానికి ఏమీ మిగలక ఇబ్బంది పడుతోంది. ఆమె కూడా మోకాళ్ళ నొప్పుల దృష్ట్యా శాస్త్రవేత్త అయింది. శుక్రవారానికి ఫిజిక్సు గదిలోని ఇరవై నాలుగు స్టూళ్ళూ నిండిపోయాయి. పార్కింగు స్థలం కూడా సరిగ్గా అంతే.

డీన్ గారి ఫోను వచ్చినప్పుడు మాస్టారు తన పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుంటున్నారు.

"రేనో, ఏం చేశారండీ మీరు? ఇరవై నాలుగు!"

"ఏమి ఇరవై నాలుగు?"

"మనుషులండీ! అంతా ఆ గుండు మహిమ!"

ఆ సాయంత్రం మాస్టారు ఈల వేస్తూ స్నానం చేశారు. ఐలీకి ఆ ఈల గుర్తే. పెళ్ళైన కొత్తలో విన్నది.

"చూశావా ఐలీ? ముడి ఊడినా విద్య ఊడలేదు. వాళ్ళలో ఏదో కదిలింది."

ఐలీ కారు నడిపే మనిషి. పచ్చ స్టిక్కర్ల కథ ఆమెకు కొట్లోనే తెలిసింది. చెబుదామని నోరు తెరిచింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, లేని గుండును ముక్కు దగ్గర పట్టుకుని వదిలి చూపిస్తున్నారు. ఆమె నోరు మూసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

క్లాసు మొదలైన రోజు తలుపు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. పేరు జోసెట్ కడోట్. ముప్పై ఏళ్ళుంటాయి. బేకరీలో తెల్లవారుజాము పని ముగించుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. కోటు మీద ఇంకా పిండి ఉంది.

"సార్, ఫిజిక్సులో చేరదామని వచ్చానండీ. నింపేశారని డార్లా గారు అంటున్నారు. గోడకి ఆనుకుని నిలబడినా సరేనండీ."

"అలా నిలబడనివ్వరమ్మా. నిప్పు అంటుకుంటే బయటికి పోవడానికి దారి ఉండాలని రూలు."

"పోనీ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి, పోతాను. మా ఇల్లు సరస్సు ఒడ్డునే. చలికాలంలో ఆ గడ్డకట్టిన సరస్సు మూలుగుతుంది. తిమింగలం ఏడ్చినట్టుంటుంది. చలి నిలకడగా ఉన్నప్పుడు చప్పుడుండదు. పెరిగేటప్పుడూ, తగ్గేటప్పుడూ మాత్రమే మూలుగుతుంది. ఎందుకండీ?"

అలాంటి ప్రశ్న కోసమే ఇరవై రెండేళ్ళుగా మాస్టారు ఆ గదిలో కాచుకుని ఉన్నారు. అయితే ఆరోజు ఆయన వెనకాల నిండిన గది ఉంది. "చోటు లేదు" అన్న మాట జన్మలో మొదటిసారి అనే అవకాశం ఆయనకు వచ్చింది. తియ్యగా ఉందేమో, ఇంకోసారి కూడా అన్నారు.

"చోటు లేదమ్మా, ఒక్క చోటు కూడా లేదు. వచ్చే ఏడు ముందుగా రా. మంచి ప్రశ్నే, దాచుకో."

ఆవిడ తల ఊపి బస్సు స్టాపుకు వెళ్ళిపోయింది. మాస్టారు తలుపు వేసి లోపలికి వచ్చారు.

ఆ తర్వాత నెలరోజులు ఆయన జీవితంలో వసంతం. తొమ్మిదింటి క్లాసుకు పిల్లలు ఏడింటికే వచ్చేసేవారు. స్తంభానికి బాగా దగ్గరి చోటు ముందుగా పట్టుకోవడానికి వచ్చేవారని ఆయనకు తెలియదు. చదువు మీద ఆకలి అనుకున్నారు. ఇల్లు అలికి ముగ్గేసినట్టు వాళ్ళ కోసం పొద్దున్నే గది తుడిచి, బల్లలు సర్ది, హీటరు పెంచి ఉంచేవారు. ఆ వెచ్చదనంలో కోడీ లాంటి రాత్రి పని వాళ్ళు కళ్ళు మూసుకునేవారు. మాస్టారు గొంతు తగ్గించి, "అలాగే కళ్ళు మూసుకునే ఊహించండి," అనేవారు. పాఠం మధ్యలో అందరూ పదేపదే కిటికీలోంచి బయటికి చూసేవారు. తమ కారుకు ఎవరైనా గీత పెడుతున్నారా అని వాళ్ళ ఆందోళన. మాస్టారు ఆ చూపుల్లో ప్రకృతి మీద ప్రేమ చూశారు. ఫెర్న్ బామ్మ మొదటి బల్ల దగ్గర కూర్చుని ఊలు స్వెట్టరు అల్లుతూ, న్యూటన్ పేరు వచ్చినప్పుడల్లా "అబ్బాయి తెలివైనవాడే" అనేది.

ఒకసారి కోడీ చెయ్యెత్తాడు. ఆ సెమిస్టరులో లేచిన మొదటి చెయ్యి అదే.

"సార్, చలికి బ్యాటరీ ఎందుకు చచ్చిపోతుంది?"

మాస్టారు ఆనందం పట్టలేక గంటన్నరసేపు బ్యాటరీ గురించి చెప్పారు. ఆశ్చర్యం ఏమిటంటే ఆరోజు ఎవరూ నిద్రపోలేదు, కిటికీ వైపు చూడలేదు. ఫెర్న్ బామ్మ కూడా సూదులు పక్కన పెట్టింది. అందరికీ బ్యాటరీలు ఉన్నాయి కదా.

ఈలోపు డీన్ గారు ఊరుకోలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం ఆవిడ. ఫిజిక్సు నిండిందన్న మాట పైకి రాశారు. పైవాళ్ళు ఇంకా పైకి రాశారు. ఏనాడో గనులమ్ముకుని వెళ్ళిపోయిన కుటుంబం తాలూకు నిధి ఒకటి సైన్సు కోసం ఏదైనా కట్టిద్దామని ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూస్తోంది. వాళ్ళు ఈ కబురు విని కొత్త భవనానికి ఒప్పేసుకున్నారు. అంతటితో ఆగలేదు. కమ్యూనిటీ కాలేజీ పిల్లలు సైన్సు, టెక్నాలజీల వైపు ఎందుకు వెళతారు, ఎందుకు వెళ్ళరు అని పదేళ్ళుగా తలబద్దలు కొట్టుకుంటున్న డాక్టర్ విన్‌ఫ్రెడ్ కాల్డర్ అనే పరిశోధకురాలు కాపర్ బెండ్‌లో జరిగిన అద్భుతం చూడటానికి రాజధాని నుంచి బయల్దేరి వచ్చారు. అది ఫిబ్రవరిలో తలకాయలు లెక్కపెట్టడానికి ముందు గురువారం.

మాస్టారు కొత్త టై కట్టుకున్నారు. ఐలీ ఆ టై సరిచేస్తూ చాలాసేపు నిలబడింది.

"రేనో, వాళ్ళేమన్నా నువ్వు మంచి మాస్టారివి. అది మాత్రం గుర్తుపెట్టుకో."

"ఇప్పుడా మాట ఎందుకు? అందరూ అంటున్నదే కదా!" అని మాస్టారు నవ్వారు.

డాక్టర్ కాల్డర్ క్లాసు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. డీన్ గారు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ప్రశ్నలు మొదట కోడీ మీద పడ్డాయి.

"నువ్వు సైన్సులోకి రావడానికి మీ నాన్నగారి చదువు కారణమా?"

"మా నాన్న మంచు ఊడ్చే బండి తోలతాడండీ."

"హైస్కూల్లో లెక్కలు బాగా వచ్చేవా?"

"వస్తే ఈపాటికి ఎక్కడో ఉండేవాణ్ణి కదండీ."

"సైన్సు వాళ్ళకు మంచి ఉద్యోగాలొస్తాయని ఎవరైనా చెప్పారా?"

"ఎవరూ చెప్పలేదండీ. వస్తాయా?"

డాక్టర్ కాల్డర్ ముందుకు వంగారు. "మరి ఎందుకు వచ్చావు నాయనా?"

ఇరవై మూడు తలలు కోడీ వైపు తిరిగాయి. వాడు నోరు జారితే అందరూ మళ్ళీ తూర్పు మైదానానికి పోవాలి. కోడీ కిటికీలోంచి వైరు తగిలించి ఉన్న తన ట్రక్కును చూశాడు. వాడి కళ్ళు చెమర్చాయి.

"ఆ గుండండీ," అన్నాడు. "సార్ ఆ గుండు వదిలాక నా బతుకు మారిపోయింది."

అబద్ధమని అనడానికి లేదు. "మాది కూడా గుండేనండీ," అని మిగతావాళ్ళు అందుకున్నారు. "నాది కూడా ఆ గుండే, మోకాళ్ళ మీద ఒట్టు," అంది ఫెర్న్ బామ్మ. మాస్టారు బోర్డు వైపు తిరిగి, తుడిచిందే మళ్ళీ తుడిచారు. ఆయన భుజాలు కదలడం అందరికీ కనిపించింది. కోడీ తలదించుకున్నాడు.

డాక్టర్ కాల్డర్ గబగబా రాసుకున్నారు. డీన్ గారు ఇక ఆగలేకపోయారు. శనివారం సభలో చెప్పాల్సిన శుభవార్త అప్పుడే చెప్పేశారు.

"పిల్లలూ! మీ ఉత్సాహం చూసి మనకి కొత్త సైన్సు భవనం మంజూరైంది! మూడంతస్తులు!"

చప్పట్లు మోగాయి. నిజంగానే సంతోషించారు, వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు.

"అంత భవనం ఎక్కడ కడతారండీ?" అని ఫెర్న్ బామ్మ అడిగింది.

"ఎక్కడో దూరంగా కాదు, మీ కళ్ళ ముందే!" డీన్ గారు కిటికీ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపారు. "ఇదిగో, ఈ పార్కింగు స్థలంలోనే. సోమవారం నుంచే కంచె వేస్తున్నారు."

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"మరి కార్లండీ?" అన్నాడు కోడీ.

"తూర్పు మైదానం ఉందిగా! ఎంత చోటైనా ఉంది!"

డాక్టర్ కాల్డర్ సంతృప్తిగా సాయంత్రమే బయల్దేరి వెళ్ళిపోయారు. సోమవారం పొద్దున కంచె వచ్చింది. కంచెతోపాటే డార్లా కిటికీ ముందు వరస కూడా వచ్చింది. "నొక్కెయ్యక్కా, వెనక్కి నొక్కెయ్యి," అన్నారు అందరూ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. మాస్టారు గది తుడిచి, హీటరు పెంచి ఎదురుచూశారు. ఏడున్నర అయింది, ఎనిమిదిన్నర అయింది. తొమ్మిదింటికి ఫెర్న్ బామ్మ ఒక్కతే ఊలు సంచితో వచ్చింది.

"మిగతావాళ్ళు?" అని అడిగారు మాస్టారు.

"వాళ్ళు రారు నాయనా. నేను ఈ స్వెట్టరు చెయ్యి అయిపోయేదాకా ఉంటాలే."

అసలు సంగతి కోడీ వచ్చి చెప్పాడు. టోపీ చేతిలో నలుపుతూ తలుపు దగ్గరే నిలబడి చెప్పాడు. స్టిక్కరు, డార్లా, స్తంభాలు, అన్నీ. మాస్టారు స్టూలు మీద కూర్చుని విన్నారు.

"అయితే ఏడింటికి రావడం..."

"చోటు కోసమండీ."

"కిటికీలోంచి చూడటం..."

"కార్లని సార్."

"గుండు?"

కోడీ టోపీ అంచు సాగదీశాడు. "బ్యాటరీ పాఠం మాత్రం నిజంగా విన్నా సార్. మా బంకులో అందరికీ చెబుతున్నా," అన్నాడు. "ఒట్టు సార్," అని కూడా అని వెళ్ళిపోయాడు.

బుధవారం తలకాయలు లెక్కపెట్టారు. లెక్కపెట్టడానికి పెద్ద సమయం పట్టలేదు. డీన్ గారు ఈసారి కళ్ళు మూసుకోలేకపోయారు. మూడంతస్తుల భవనం గురించి నిధి వాళ్ళకు మాట ఇచ్చేశాం కాబట్టి అది ఆగదనీ, ఫిజిక్సు మాత్రం ఆగిపోతుందనీ చెప్పారు. చెప్పడానికి ఆవిడకు కూడా కష్టంగానే ఉంది. మాస్టారిని కూడికలు, తీసివేతలు మరిచిపోయిన పెద్దల క్లాసుకు వేశారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఈల లేదు. మాస్టారు సూపు చల్లారిపోయేదాకా చెంచాతో తిప్పారు.

"నీకు తెలుసా ఐలీ?"

"తెలుసు."

"మొదటి నుంచా?"

"మొదటి నుంచే."

"ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"నువ్వు స్నానాల గదిలో ఈల వేశావు రేనో. ఇన్నేళ్ళ తర్వాత. ఎలా చెప్పమంటావు?" అని ఆమె ఏడ్చేసింది.

మాస్టారికి కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా కొంత సత్తువ కావాలి. మర్నాడు గదిలో పుస్తకాలు మళ్ళీ అట్టపెట్టెల్లో సర్దుతుంటే చివరి స్టూలు కింద ఎవరో వదిలేసిన పచ్చ స్టిక్కరు కనిపించింది. ఇరవై నాలుగు స్టూళ్ళ మీద ఇరవై నాలుగు కార్లను కూర్చోబెట్టి, నిజంగా చదువుకుందామని వచ్చిన ఒక్క మనిషిని తలుపు దగ్గర నుంచి పంపేశానని ఆయనకు అప్పుడు తట్టింది. రెండుసార్లు చోటు లేదన్నారు. పైగా సంతోషంగా అన్నారు. ఆయన కోటు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బస్సు స్టాపుకు పరిగెత్తారు.

జోసెట్ అక్కడే ఉంది. బస్సు ఎప్పటిలాగే ఆలస్యం. ఫిజిక్సు దొరక్క చేరిన లెక్కల ఖాతాల క్లాసు పుస్తకం ఆవిడ ఒళ్ళో ఉంది.

"అమ్మా, చోటు ఉంది," అన్నారు మాస్టారు రొప్పుతూ.

"నిజంగానా సార్? ఎన్ని?"

"అన్నీ." ఊపిరి తీసుకున్నారు. "చోట్లన్నీ ఉన్నాయి. క్లాసు లేదు. నిన్ననే ఎత్తేశారు. క్షమించమ్మా, నాదే తప్పు."

జోసెట్ ఆయన్ను పైనుంచి కిందికి చూసింది. టోపీ లేదు, చేతితొడుగులు లేవు, చెవులు ఎర్రగా కమిలిపోయాయి. ఆవిడ పక్కకు జరిగి బెంచీ మీది మంచు చేత్తో తుడిచింది.

"ఆ ప్రశ్న దాచుకోమన్నారు కదా సార్. ఇంకా నా దగ్గరే ఉంది."

మాస్టారు కూర్చున్నారు. చలి పెరిగితే ఐసు ముడుచుకుంటుందనీ, తగ్గితే ఉబ్బుతుందనీ, కదలడానికి చోటు లేక పగులుతుందనీ, ఆ పగిలిన చప్పుడు సరస్సంతా పాకుతుందనీ, జేబులో ప్యాస్టీ తీసి విరిచి చూపిస్తూ చెప్పారు. జోసెట్ ఒక ముక్క తిని ఆలోచించింది.

"అయితే దూరం నుంచి వచ్చే మూలుగులో సన్న గొంతు ముందు వినిపించి, బొంగురు గొంతు తర్వాత వస్తుందెందుకండీ? చప్పుడొక్కటే కదా!"

మాస్టారు జేబులు తడుముకున్నారు. సన్న గొంతు ఐసులో ఎందుకు ముందు పరిగెడుతుందో బొమ్మ గీస్తే తప్ప చెప్పలేరు. కాగితం లేదు. అప్పుడే బస్సు వచ్చింది. జోసెట్ ఎక్కింది. ఆమె వెనకే మాస్టారు కూడా ఎక్కి, ఆవిరి పట్టిన బస్సు అద్దం మీద వేలితో గియ్యడం మొదలుపెట్టారు. ఆ బస్సు తమ ఇంటికి ఎదురుదిక్కున పోతోందని ఆయనకు సరస్సు వచ్చాక గానీ తెలియలేదు. మర్నాడు కూడా అదే బస్సెక్కారు. ఆ చలికాలమంతా ఎక్కారు.

డాక్టర్ కాల్డర్ గారి నివేదిక ఎండాకాలంలో వచ్చింది. పిల్లలు సైన్సు వైపు రావడానికి అన్నిటికన్నా ముఖ్య కారణం స్ఫూర్తినిచ్చే గురువని ఆమె తేల్చారు. ఆ నివేదిక అట్ట మీద గుండు బొమ్మ ఉంది.

కొత్త భవనం మరుసటేడు తయారైంది. ఫిజిక్సు గదిలో జుట్టు కత్తిరించే కుర్చీలు వేసేశారు, వాటికి గిరాకీ బాగానే ఉంది. సైన్సు భవనం ప్రారంభోత్సవానికి రమ్మని ఊరందరికీ పిలుపులు వెళ్ళాయి. మూడు వందల కుర్చీలు వేశారు. డీన్ గారు రిబ్బను ముందు కత్తెర పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. కాలు బాగుపడిన ఎల్మర్ అలవాటు కొద్దీ వాకిట్లో కాపలా ఉన్నాడు. చివరికి హైవే వైపు నుంచి బస్సు వచ్చి ఆగింది. అందులోంచి హైకిలా మాస్టారు దిగారు. ఆయన వెనక జోసెట్ దిగింది. ఆవిడ ఇప్పుడు పై ఊరి యూనివర్సిటీలో ఐసు గురించి చదువుతోంది, ఈ పండగ కోసం మూడు బస్సులు మారి వచ్చింది.

ఇద్దరూ మొదటి వరసలో కూర్చున్నారు. మిగతావాళ్ళు రాలేదు, దగ్గర్లో పార్కింగు దొరకలేదట.